పోగుకో గింజ

కొన్నేళ్ల కిందట పెరట్లో గోడ వెంబడి ఒకే వరసలో మొక్కజొన్న గింజలు నాటాను. మొక్కలు నా తలను మించి పెరిగాయి. ఒక్కోదానికి ఒకటో రెండో కండెలు వేశాయి. బయటినుంచి చూస్తే నిండుగానే ఉన్నాయి. ఒలిచి చూస్తే ప్రాణం ఉసూరుమంది. ఒక కండెలో పాతిక గింజలు, ఇంకోదానిలో అడుగున మాత్రమే రెండు చుట్లు, మిగతా అంతా బోసి. నీళ్లు చాల్లేదేమో, ఎరువు తగ్గిందేమో, ఏదైనా పురుగు తినేసిందేమో అని వారం రోజులు అదే ఆలోచన. చివరికి సేద్యంలో తలపండిన ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన కండెను చేతిలో ఒకసారి తిప్పి చూసి, "సుంకు పడలేదు తల్లీ. ఒంటి వరస వేశావు, గాలికి అటు కొట్టుకుపోయింది. పీచు మీద పడితే కదా గింజ కట్టేది" అన్నారు.

అంతే, నా వారం రోజుల ప్రశ్నకు జవాబు దొరికింది. నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం ఆ జవాబులోని మాటలు. సుంకు అంటే ధాన్యపు పైర్ల పూత మీద ఉండే పొడి అని ఎప్పుడో విన్నాను, మరిచిపోయాను. ఇక పీచు అంటే, కండె ఒలిచేటప్పుడు చేతికి చుట్టుకుని విసిగించే చెత్త అనే అనుకునేదాన్ని. పీచు పని ఏమిటో తెలిసి ఉంటే నేను ఒంటి వరస నాటేదాన్నే కాదు.

అప్పటినుంచీ నాదొక వాదన. మొక్కజొన్న విషయంలో మనకున్న అయోమయం చాలావరకు పేర్ల దగ్గర మొదలవుతుంది. భాగాల పేర్లు మనకు ఉన్నాయి, చక్కనివి ఉన్నాయి, కానీ వాటిని తినేదానికీ పారేసేదానికీ గుర్తులుగా మాత్రమే వాడుతున్నాం. రకాల పేర్ల సంగతి ఇంకో తీరు. వయసును బట్టి వచ్చిన పేరునూ, రకాన్ని బట్టి వచ్చిన పేరునూ, రంగును బట్టి వచ్చిన పేరునూ ఒకే గాటన కట్టేశాం.

ముందు భాగాల సంగతి చూద్దాం.

ఈ పంట పేరులోనే జొన్న ఉంది. కొందరికి మొక్కజొన్న, కొందరికి మక్కజొన్న, ఇంకొందరికి ఉత్త మక్కలు. జొన్నకు దీనికి పోలిక పైకి నిజమే. రెండూ గడ్డి కుటుంబానివే, రెంటికీ కణుపులున్న దంటు, కణుపు కణుపుకూ దంటును చుట్టుకుని మొదలై పొడుగ్గా సాగే ఆకు. కానీ పూత దగ్గర దారులు చీలిపోతాయి. జొన్నకు కంకి మొక్క నెత్తిన వస్తుంది. పూత అక్కడే, గింజా అక్కడే. మొక్కజొన్నలో నెత్తిన వచ్చేది ఉత్త మగ పూత. అది జల్లులా విచ్చుకుంటుంది, సుంకు రాలుస్తుంది, ఎండిపోతుంది. ఆడ పూత మొక్క నడుం దగ్గర, ఆకు దంటును అంటుకున్న చోట, పొరల లోపల దాగి ఉంటుంది. అదే కండె అవుతుంది.

కంకి అనే మాట మొక్కజొన్న దగ్గరికి వచ్చేసరికి తడబడడానికి కారణం ఇదే అని నాకనిపిస్తుంది. జొన్న అలవాటుతో చూసేవాళ్లకు నెత్తిన ఉన్నది కంకి. గింజ ఎక్కడుంటే అది కంకి అనుకునేవాళ్లకు నడుం దగ్గరిది కంకి. కండె అనే మాటకు ఈ ఇబ్బంది లేదు. నేసేవాళ్లు నూలు చుట్టే కండె గుర్తొస్తుంది, నిజంగానే ఒక బెండు చుట్టూ గింజలను వరసలుగా చుట్టినట్టే ఉంటుంది. పొత్తు అనేవాళ్లూ ఉన్నారు. ఆ మాట వినగానే నాకు పొత్తిళ్లు మనసులో మెదులుతాయి. వ్యుత్పత్తి చెప్పడం లేదు, నా మనసులో కలిగే పోలిక చెబుతున్నాను. ఇన్ని పొరల గుడ్డల్లో చుట్టి పెట్టిన పసిబిడ్డలాంటి పంట ఇంకొకటి ఉందా? ఈ మూడు మాటల్లో ఏది సరైనదని నేను తగవు పెట్టుకోను. ఎవరి నోటికి ఏది అలవాటైతే అది. నెత్తిన ఉన్నదానికీ నడుం దగ్గరిదానికీ ఒకే మాట వాడకపోతే చాలు.

ఇక పీచు. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

లేత కండె లోపల, బెండు మీద, వరసలు వరసలుగా చిన్న చిన్న అండాలు ఉంటాయి. ప్రతి అండం నుంచీ ఒక్కటంటే ఒక్క పోగు బయలుదేరుతుంది. పొరల మధ్యనుంచి పైకి పాకి కండె కొసన బయటికి వస్తుంది. మనం పీచు అని ఒక్క మాటలో అనేది ఈ వందల పోగుల కుచ్చు. ఒక పోగుకు ఒక గింజ, లెక్క అంతే. పైనుంచి, పక్క మొక్కలనుంచి గాలిలో వచ్చిన సుంకు రేణువు ఆ పోగు మీద పడుతుంది. పోగుకు సన్నటి నూగు ఉంటుంది, కాస్త జిగురుగా ఉంటుంది, రేణువు అతుక్కుంటుంది. అక్కడినుంచి ఆ రేణువు ఒక సన్నటి గొట్టాన్ని మొలిపించి పోగు లోపలినుంచే కిందికి దిగుతుంది. పోగు జానెడు పొడుగున్నా సరే, ఇంచుమించు ఒక్క రోజులో అడుగున ఉన్న అండాన్ని చేరుకుంటుంది. కంటికి సరిగా ఆనని ఒక రేణువు అంత దూరం ప్రయాణం చేయడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

రేణువు చేరితే పోగు పని అయిపోయినట్టే, అది గింజనుంచి ఊడిపోతుంది. చేరకపోతే పోగు ఇంకా ఇంకా పొడుగు సాగుతూ ఎదురుచూస్తుంది. దాదాపు పది రోజులు చూసి వాడిపోతుంది. ఆ చోట గింజ కట్టదు. అంటే కండెలో ఖాళీ కనిపించిన ప్రతిచోటా ఒక పోగు ఎదురుచూసి ఎండిపోయిందని అర్థం. కండె కొస తరచుగా బోసిగా ఎందుకుంటుందో కూడా ఇందులోనే తెలుస్తుంది. అడుగునున్న అండాల పోగులు ముందు బయటికి వస్తాయి, కొసన ఉన్నవి అందరికన్నా చివర. అవి వచ్చేసరికి సుంకు రాలడం అయిపోవచ్చు. గట్టి ఎండలో, నీటి ఎద్దడిలో పీచు రావడం ఆలస్యమవుతుంది, సుంకు మాత్రం తన వేళకు రాలిపోతుంది. పూత వేళ నీళ్లు తగ్గితే మొక్కజొన్న ఇంకే దశలోనూ దెబ్బతిననంతగా దెబ్బతినేది ఇందుకే.

నా ఒంటి వరస తప్పు కూడా అదే. సుంకు రేణువు బరువైనది, ఎక్కువ దూరం పోదు, కొద్ది గంటలకు మించి బతకదు. పదహారు మొక్కలను పొడుగ్గా ఒక వరస వేసేకంటే నాలుగేసి మొక్కల వరసలు నాలుగు పక్కపక్కన వేస్తే గాలి ఎటు వీచినా ఏదో ఒక పీచు అందుకుంటుంది. పీచు అనే మాటకు 'గింజకు దారి' అన్న అర్థం కూడా నా మనసులో ఉండి ఉంటే ఇది ఎవరూ చెప్పనక్కర లేకుండా తట్టేది. పేరు తెలియడమంటే పని తెలియడం అని నేను అంటున్నది అందుకే.

బెండు గురించి ఒక్క మాట. గింజలు ఒలిచాక మిగిలే ఆ తేలికపాటి కట్టెను బెండు అంటాం. తేలికైనదానికీ నీళ్లలో తేలేదానికీ వాడే మాటే కాబట్టి అతికినట్టు సరిపోయింది. ఈసారి కండె దొరికితే దాని మీద వరసలు లెక్కపెట్టండి. 12, 14, 16, 18 వస్తాయి. మామూలుగా బేసి సంఖ్య రాదు. ఆడ పూలు బెండు మీద జంటలు జంటలుగా పుడతాయి కాబట్టి వరసలు సరి సంఖ్యలోనే ఉంటాయి. పిల్లలకు ఎక్కాలు నేర్పేటప్పుడు చూపించదగ్గ విషయం.

పై పొరలు నిజానికి ఆకులే. కండె పుట్టే చిన్న కొమ్మ కణుపులన్నీ దగ్గరదగ్గరగా కుదించుకుపోవడంతో వాటి ఆకులు ఒకదాని మీద ఒకటి చుట్టుకుపోయాయి. ఈ చుట్టలో ఒక చిక్కు ఉంది. పండిన కండె నేల మీద పడిపోతే గింజలు విడిపోవు. అన్నీ ఒకే చోట మొలిచి ఒకదాని గొంతు ఒకటి నులుముకుంటాయి. మనిషి ఒలిచి, గింజలు రాల్చి, నాటితే తప్ప మొక్కజొన్న తన వంశాన్ని తాను నిలబెట్టుకోలేదు. దీని పూర్వీకురాలు మెక్సికోలో ఇప్పటికీ అడవి గడ్డిగా పెరిగే టియోసింటే. దాని కంకికి పది గింజలుంటే గొప్ప, ఒక్కో గింజకూ రాయిలాంటి పెంకు. బాల్సాస్ నది లోయలో దాదాపు 9,000 ఏళ్ల కిందట మనుషులు ఆ గడ్డిని ఏరి, నాటి, మళ్లీ మంచివి ఏరి, ఇలా తరతరాలు చేస్తే ఈ కండె వచ్చింది. రెండింటి రూపాలూ ఎంత వేరంటే, ఈ గడ్డి నుంచి ఆ కండె వచ్చిందంటే శాస్త్రజ్ఞులే చాలాకాలం ఒప్పుకోలేదు. జార్జ్ బీడిల్ లాంటి జన్యుశాస్త్రజ్ఞులు దశాబ్దాల పాటు వాదించాల్సి వచ్చింది. గింజ మీది రాతిపెంకు పోవడానికి ప్రధానంగా ఒకే ఒక్క జన్యువులో వచ్చిన మార్పు కారణమని తరవాత తేలింది.

మొక్క అడుగున, నేలకు జానెడు పైన ఉన్న కణుపుల నుంచి దిగే లావుపాటి వేళ్లకు వ్యవసాయ పుస్తకాలు ఏ పేరు పెట్టినా, ఊడలు అంటే మనకు వెంటనే అర్థమవుతుంది. మర్రి ఊడల్లాగే అవీ గాలికి మొక్క ఒరగకుండా పట్టుకుంటాయి. కోత అయ్యాక ఎండిన దంటూ ఆకులూ కలిపి చొప్ప. ఇది జొన్న నుంచి నేరుగా వచ్చిన మాట, మార్చాల్సిన పని లేదు.

ఇప్పుడు గింజ లోపలికి వెళ్దాం. రకాల పేర్ల చిక్కు అక్కడే విడుతుంది.

ఒక ఎండు గింజను రాత్రంతా నానబెట్టి నిలువుగా చీల్చి చూడండి. బయట పలచని గట్టి పొట్టు. లోపల ఒక పక్కగా, పాలరంగులో, నాలుక ఆకారంలో ఉన్నది మొలక. నూనె దాదాపు అంతా ఉండేది అందులోనే. మిగిలినదంతా పిండి, గింజ బరువులో నూటికి 80 పాళ్లకు పైగా అదే. ఆ పిండిలోనూ రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి గాజులా గట్టిగా, కాస్త పారదర్శకంగా ఉంటుంది. రెండోది సుద్దలా తెల్లగా, గోటితో గీరితే రాలేలా ఉంటుంది. ఈ గట్టి పిండి ఎక్కడుంది, మెత్తని పిండి ఎక్కడుంది అనేదే చాలా రకాలను వేరు చేసే గీత.

డెంట్ కార్న్ అనేదానిలో గట్టి పిండి పక్కలకు ఉంటుంది, మెత్తని పిండి నడిమధ్యగా నెత్తిదాకా వస్తుంది. ఆరేటప్పుడు మెత్తనిది ఎక్కువ ముడుచుకుని గింజ నెత్తిన నొక్కు పడుతుంది. దంతంలా ఉంటుంది. నొక్కు గింజ అంటే సరిపోతుంది. ప్రపంచంలో ఏటా పండే 100 కోట్ల టన్నులకు పైబడిన మొక్కజొన్నలో పెద్ద వాటా దీనిదే. పశువుల దాణాకు, పిండి పదార్థాలకు, ఇంధనానికి పోయేది ఇదే. ఫ్లింట్ కార్న్‌లో గట్టి పిండి నాలుగు వైపులా కమ్మేసి ఉంటుంది. నెత్తి గుండ్రంగా, నున్నగా, మెరుస్తూ ఉంటుంది. ఇది గట్టి గింజ. మొత్తం మెత్తని పిండే ఉన్న రకమూ ఒకటుంది, విసరడం సులువు, పురుగుకూ సులువే. గింజ గింజకూ విడివిడిగా పొర ఉండే వింత రకం ఇంకొకటి. ఒకప్పుడు మొక్కజొన్నకు మూలం ఇదేనేమో అనుకున్నారు, కాదని తేలింది. స్టర్టెవాంట్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1899లో అచ్చయిన తన రచనలో మొక్కజొన్నను ఇలా గింజ లోపలి తీరును బట్టి విభజించాడు. తరవాత ఎన్ని లోపాలు చూపించినా వాడుకలో ఇప్పటికీ నిలిచింది ఆ విభజనే.

పాప్‌కార్న్ గట్టి గింజకు చుట్టమే. చిన్న గింజ, లోపల దాదాపు అంతా గట్టి పిండి, పైన మందమైన, ఎక్కడా సందులేని పొట్టు. గింజలో తేమ 14 శాతం దగ్గర ఉండాలి. వేడెక్కితే ఆ నీరు ఆవిరై లోపల చిక్కుకుంటుంది, పిండి ఉడికి జావలా అవుతుంది. 180 డిగ్రీల దగ్గర పొట్టు ఇక ఆపలేక పగులుతుంది, జావ ఒక్కసారిగా నురగలా పొంగి అక్కడికక్కడ గడ్డకడుతుంది. మూకుడు అడుగున పేలకుండా మిగిలే గింజల పొట్టులో ఎక్కడో చిన్న బీట ఉండి ఆవిరి తప్పించుకుపోయి ఉంటుంది, లేదా గింజ అతిగా ఎండిపోయి ఉంటుంది. పేలాలు అనే మాట మనకు ముందే ఉంది కనుక పేలాల మొక్కజొన్న అనడంలో ఏ కృత్రిమత్వమూ లేదు. పాప్‌కార్న్ అన్నా నాకు అభ్యంతరం లేదు. అభ్యంతరం ఎక్కడంటే, ఏ మొక్కజొన్న గింజనైనా ఎండబెట్టి వేయిస్తే పాప్‌కార్న్ వస్తుందనుకోవడంలో. రాదు. పాప్‌కార్న్ అనేది వండే పద్ధతికి పేరు కాదు, ఒక రకానికి పేరు.

బేబీ కార్న్ దగ్గర సరిగ్గా దీనికి తిరగబడిన పొరపాటు చేస్తాం. అది వేరే చిట్టి రకమని చాలామంది నమ్మకం. అది వయసు పేరు. పీచు కండె కొసన తొంగిచూసిన ఒకటి రెండు రోజుల్లోనే, సుంకు పడకముందే తెంపేస్తే ఏ మొక్కజొన్న కండె అయినా బేబీ కార్నే. ఎక్కువ కండెలు వేసే రకాలను దీనికోసం ఎంచుకుంటారన్నది వేరే మాట. మనం బెండుతో సహా తినగలిగేది, బెండు ఇంకా బెండు కాకముందు కాబట్టి. దాని మీద చిన్న చిన్న ముత్యాల్లా కనిపించేవి గింజలు కావు, ఇంకా కాయని అండాలు. లేత కండె అనే రెండు మాటలు ఈ విషయం మొత్తం చెప్పేస్తాయి.

స్వీట్ కార్న్‌లో అయితే వయసూ రకమూ రెండూ కలిసి ఉన్నాయి, అందుకే చిక్కు ఎక్కువ. ఏ మొక్కజొన్న గింజ అయినా పాలు పోసుకునే దశలో కాస్త తియ్యగానే ఉంటుంది. గోటితో నొక్కితే పాలు చిమ్మే ఆ కండెను పాల కండె అంటాం. ఆ తీపి నిలిచేది కొద్ది రోజులే, చక్కెర పిండిగా మారిపోతుంది. స్వీట్ కార్న్ అనే రకంలో ఆ మార్పును నడిపించే జన్యువు ఒకటి దెబ్బతిని ఉంటుంది, తీపి ఎక్కువగా నిలుస్తుంది. ఆ గింజను ఎండబెట్టి చూస్తే ముడతలు పడి ఉంటుంది, లోపల నింపడానికి పిండి లేదు మరి. పాతరకం స్వీట్ కార్న్ కూడా కోసిన గంటల్లోనే తీపి కోల్పోవడం మొదలుపెట్టేది. 1950ల్లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జాన్ లాఫ్నన్ మరో జన్యువు మీద పనిచేసి రోజుల తరబడి తీపి తగ్గని రకానికి దారివేశాడు. అంటే పాల కండె వయసు పేరు, స్వీట్ కార్న్ రకం పేరు. ఒకదాన్ని ఇంకొకటిగా అనుకుంటే, పాల కండె ముదిరాక తియ్యగా లేదని పండించినవాళ్లను తప్పుపడతాం. అది అన్యాయం, గింజ తన పని తాను చేసింది.

వాక్సీ కార్న్ పేరు ఇంకా పెడదారి పట్టిస్తుంది. అందులో మైనం చుక్క కూడా లేదు. చీల్చిన గింజ మైనపు ముక్కలా నిగనిగలాడుతుందని ఆ పేరు. పిండి పదార్థంలో అమైలోజ్, అమైలోపెక్టిన్ అని రెండు రకాలు. మామూలు గింజ పిండిలో నాలుగో వంతు అమైలోజ్, మిగతా అమైలోపెక్టిన్. ఇందులో దాదాపు అంతా అమైలోపెక్టినే, అందుకే ఉడికితే జిగురుగా ఉంటుంది. జిగురు మొక్కజొన్న అంటే ఎంత హాయి! అయొడిన్ చుక్క వేస్తే మామూలు గింజ నీలి నలుపు తిరుగుతుంది, ఇది ఎర్రటి గోధుమ రంగు తిరుగుతుంది.

రంగు పేర్లకు ఇవేవీ పట్టవు. పసుపు, తెలుపు, ఎరుపు, ఊదా, ఏ రంగయినా ఏ రకంలోనైనా ఉండవచ్చు. పసుపు గింజ చూసి స్వీట్ కార్న్ అనుకోవడం, తెల్ల గింజ చూసి నాసిరకం అనుకోవడం రెండూ తప్పే. పైగా ఒకే కండె మీద పక్కపక్క గింజలకు తండ్రులు వేరు వేరు కావచ్చు. తెల్ల మొక్కజొన్న పీచు మీద పసుపు మొక్కజొన్న సుంకు పడితే ఆ గింజ అదే కండెలో, అదే పంటలో పసుపుగా కడుతుంది. తీపి రకం పక్కన మామూలు రకం వేస్తే తీపి కండెలో పిండి గింజలు వచ్చేదీ ఇలాగే. ఒకే గింజ మీద మచ్చలూ చారలూ కనిపించే కండెలను బార్బరా మక్లింటాక్ అనే అమెరికా శాస్త్రజ్ఞురాలు ఏళ్ల తరబడి చూసి, జన్యు పదార్థంలో కొన్ని ముక్కలు ఒక చోటినుంచి ఇంకో చోటికి గెంతుతాయని 1940ల్లో గ్రహించింది. ఆమెకు నోబెల్ వచ్చింది 1983లో. అన్నేళ్లూ ఆమె నమ్ముకున్నది గింజ మీది మచ్చలను.

నాకు తరచుగా ఎదురయ్యే మాట ఒకటుంది. ఇవన్నీ పల్లె మాటలు, చదువుకు పనికిరావు, పాఠ్యపుస్తకంలో పురుష పుష్పవిన్యాసం, కీలం, ఫలకవచం అని ఉంటేనే శాస్త్రంగా ఉంటుందని. నేను ఒప్పుకోను. కీలం అనే మాట నేను బడిలో బట్టీ పట్టాను, పరీక్షలో రాశాను, మార్కులు తెచ్చుకున్నాను. చేతికి చుట్టుకున్న పీచే ఆ కీలమని మాత్రం ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు. బడి మాట పుస్తకంలో ఉండిపోయింది, ఇంటి మాట చెత్తబుట్టలోకి పోయింది, రెండూ ఎక్కడా కలుసుకోలేదు. పీచు అంటే కీలం అని ఒక్క ముక్క రాసి ఉంటే చాలు. బడి మాటలు వద్దని కాదు, ఇంటి మాట చేయి పట్టుకుని రావాలని.

ఈసారి నాలుగు వరసలు వేశాను, ఒక్కో వరసలో నాలుగు. మగ పూత విచ్చుకున్న రోజుల్లో పొద్దున్నే వెళ్లి చూస్తే ఆకుల మీద పసుపు పొడి పరుచుకుని ఉండేది. పీచు వచ్చిన పది రోజులకు ఒక కండె తెంపాను. పీచు కదలకుండా చాకుతో నిలువుగా గాటుపెట్టి, పై పొరలు ఒక్కొక్కటే విప్పాను. తరవాత కండెను అడుగుభాగం దగ్గర పట్టుకుని మెల్లగా ఊపాను. గింజ కట్టినచోట పోగు ఊడిపోతుంది, కట్టనిచోట అంటుకునే ఉంటుంది. కుచ్చు మొత్తం ఒక్కసారిగా జారి నా పాదాల దగ్గర పడింది. కొస దగ్గర మాత్రం ఎనిమిదో తొమ్మిదో పోగులు వదలకుండా అలాగే పట్టుకుని ఉన్నాయి.